టెంకాయ నీళ్ల జ్ఞానస్నానం

సిస్టర్లు మన గుడికి ఏం చేసినారని ఈ కాలం పిల్లోళ్లు అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. అడిగేది ఒకరు, పక్కనుంచి జవాబు చెప్పేది ఇంకొకరు. పీఠం మింద పూలు పెట్టినారంట, పాటలు నేర్పినారంట, పీఠం గుడ్డలకు లేసు కుట్టినారంట. అంతేనా? పూలు ఎవరైనా పెడతారు. మా సిస్టరమ్మ ఏం చేసిందో నేను చెప్తా వినండి. నడుమ లేచి పోయేవాళ్లు ఇప్పుడే పోండి.

మాది హిందూపురం నుంచి పెనుకొండకు పోయే దావలో ఒక పల్లె. ఊరు వేరే, మా వాడ వేరే. ఊర్లో భూములుండే రైతులు, వాడలో మేము, కూలోళ్లం. మా తాత కాలంలోనే వాడంతా కిరస్తానంలో కలిసింది. చిన్న పెంకుల గుడి ఒకటి కట్టుకున్నారు. హిందూపురం నుంచి ఫాదరు నెలకొక తూరి వచ్చి పూజ చేసి, మళ్లీ బస్సు పట్టుకొని పోతాడు. ఆయన్ని అనేదానికి లేదు, ఎన్ని పల్లెలని తిరుగుతాడు పాపం. ఆయన పోయినాక గుడికి గొళ్లెం పెడితే మళ్లీ నెలకే తీసేది.

నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పుడు పెనుకొండలో సిస్టర్లు దిగి చిన్న ఆస్పత్రి పెట్టినారంట. మా వాడకు వచ్చే సిస్టరమ్మ కేరళ మనిషి, నర్సు. తెలుగు పుస్తకంలో నేర్చుకొని వచ్చింది గదా, మొదట్లో "అవ్వగారూ, మీరు కుశలమేనా?" అని అడిగేదంట. మా అవ్వ నవ్వలేక నవ్వలేక కూలబడిందంట. నాకు బుద్ధి తెలిసేసరికి ఆయమ్మ "యాడికి పోతాండావు? ఒంట్లో జొరముండాది, పో, ఇంట్లో పండుకో" అని మమ్మల్నే గదమాయిస్తాండె.

వారానికొకసారి బస్సు దిగి, ఎర్రమట్టి దావన నడుచుకుంటా వచ్చేది. తెల్లబట్టలకు మోకాళ్ల దాకా దుమ్ము. పుండ్లు కడిగేది, మాత్రలు ఇచ్చేది, తాగొచ్చి పెండ్లాన్ని కొట్టినోన్ని వాకిట్లోకి పిలిచి నలుగురి ముందర నిలదీసేది. సాయంత్రం గుడి గొళ్లెం తీసి ఆడోళ్లను కూర్చోబెట్టి జపమాల చెప్పిచ్చేది. "ఫాదరు లేకపోతే దేవుడు కూడా బస్సెక్కి పోయినాడా?" అని అడిగేది. ఆయమ్మ పోరు పడలేక ఆడోళ్లు దినామూ గుడి తెరిచేది నేర్చుకున్నారు. నాలుగేండ్లకు మొగోళ్లు కూడా వచ్చి వెనకాల కూర్చున్నారు.

మా అవ్వ మంత్రసాని. మా వాడకే కాదు, చుట్టుపక్కల కిరస్తానం వాడలన్నిటికీ ఆమే. సిస్టరమ్మ ఇట్లాంటి మంత్రసానులను పెనుకొండకు పిలిపిచ్చి, బ్లేడు ఉడకబెట్టేది, బొడ్డు కోసేది, చేతులు సబ్బుతో కడిగేది నేర్పింది. ఇంకొకటి కూడా నేర్పింది. బిడ్డ బతకదనిపిస్తే, ఫాదరు వచ్చేంత వ్యవధి లేకపోతే, ఎవరైనా సరే బిడ్డ నెత్తిన నీళ్లు పోసి, పిత పుత్ర పవిత్రాత్మ నామమున జ్ఞానస్నానం ఇస్తాండానని చెప్పొచ్చు. అది చెల్లుతుంది. జ్ఞానస్నానం లేకుండా పోయిన బిడ్డ దేవుని మొగం చూడదని ఆ కాలంలో నేర్పేవాళ్లు. అందుకని మా అవ్వకు ఆ నాలుగు మాటలంటే ప్రాణం. చదువు రాని మనిషి, మర్చిపోతానేమో అని ఎనుము పాలు పిండేటప్పుడు కూడా వల్లె వేసుకునేదంట.

నేను పుట్టినప్పుడు నీలంగా ఉన్నానంట, ఏడుపు లేదంట. అవ్వ నాకు జ్ఞానస్నానం ఇచ్చేసింది. నేను బతికినా, చూస్తాండారు గదా. నా వెనకాల తమ్ముడు పుట్టినాడు. వానికీ ఇచ్చింది. వాడు అవ్వ ఒళ్లోనే పోయినాడు. మా అమ్మ ఏడిస్తే అవ్వ అనేదంట, "ఏడవాకు. వాన్ని నేను చక్కగా పంపించినా. దేవుని పక్కన కూర్చున్నాడు" అని. ఆ మాట పట్టుకొనే మా అమ్మ లేచి మళ్లీ కూలికి పోయింది.

బతికిన బిడ్డల సంగతికొస్తే, ఫాదరు వచ్చినప్పుడు అవ్వను అడిగేవాడు, "నీళ్లు పోసినావా?" అని. "పోసినా సామీ." ఆయన మిగిలిన జపాలు చదివి, నూనె పూసి, పేరు రాసుకొని పోయేవాడు. అంతే, ఇంకెవరూ ఏమీ అడగలేదు.

నాకు పద్నాలుగేండ్లప్పుడు బిషపు పెనుకొండకు వస్తాడని తెలిసింది. భద్రమైన అభ్యంగనం ఇచ్చేదానికి. జ్ఞానస్నానం పొందిన పిల్లోళ్లకు కొంచెం పెద్దయినాక బిషపే నూనె పూసి ఇచ్చేది అది. సిస్టరమ్మ మాకు జ్ఞానోపదేశం నూరిపోస్తాండె. ఒక మధ్యాన్నం మా వాకిట్లో కూర్చొని అవ్వ బుట్ట సర్దుతాండె. బ్లేడు, దారం, సబ్బు, పాతగుడ్డలు, అడుగున ఒక టెంకాయ.

"అవ్వా, ఈ టెంకాయ ఎందుకు?"

అవ్వ మొగం వెలిగిపోయింది. "అదేంది సిస్టరమ్మా, నువ్వే నేర్పి నువ్వే అడుగుతాండావు? బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చేదానికి."

"నేను నీళ్లు పొయ్యమని గదా చెప్పినా?"

"నీళ్లే. మా నీళ్ల సంగతి నీకు తెలీదా తల్లీ? వంక ఇసకలో గుంత చేసి చెలమ తోడుకుంటాం. మేము పోయేసరికి పందులు పొర్లింటాయి. ఊరి బావి కాడికి మమ్మల్ని రానీరు. మేము ముట్టుకుంటే ఊరోళ్లు ఉమ్మేసే నీళ్లు, అవి తెచ్చి దేవుని పేరు చెప్పి బిడ్డ నెత్తిన పోస్తానా? నాకంత సిగ్గు లేదా? టెంకాయ నీళ్లకైతే ఎవరి చెయ్యీ తగల్లేదు. దేవుడే పోసి, దేవుడే మూత పెట్టినాడు. అవే పోస్తా. మొదట్నుంచీ అవే. ఇదో, ఈ పాపకూ అవే," అని నన్ను చూపిచ్చింది.

మా నాయన ఒక రైతు కాడ టెంకాయ తోటలో కూలి. మా ఇంట్లో తిండి లేని దినముంది గానీ టెంకాయ లేని దినం లేదు.

సిస్టరమ్మ చేతిలో టెంకాయ అట్లే ఉంది. తర్వాత మెల్లగా చెప్పింది, నీళ్లంటే నీళ్లే కావాలంట. చెరువు నీళ్లయినా, వాన నీళ్లయినా, మురికి నీళ్లయినా సరే. పాలు పోసినా, టెంకాయ నీళ్లు పోసినా జ్ఞానస్నానం కాదంట.

అవ్వ కంటే ముందు నేను లేచినా. నాకు చిన్నప్పట్నుంచే ముక్కు మింద కోపం. "అంటే నేను కిరస్తానం కాదా? ఇన్నేండ్లు నన్ను మోకాళ్ల మింద నిలబెట్టి జపాలు చెప్పించింది ఎందుకు? ఆదివారం సంగటి తినకుండా కడుపు మాడ్చుకొని గుడికి పోయింది ఎందుకు?" అని అరిచినా. సిస్టరమ్మ నన్ను కసురుకోలేదు. దానికే నాకు భయమేసింది.

"తప్పు నాది," అనింది ఆయమ్మ. "నేర్పి పంపించినా. మీకు యాడ నీళ్లు దొరుకుతాయో, అవి ఎట్లాంటి నీళ్లో వచ్చి చూడలేదు."

ఫాదరు వచ్చినాడు. విన్నాడు. "ఇది చెల్లదు," అన్నాడు. అవ్వ ఊరుకోలేదు. "టెంకాయలో ఉండేవి నీళ్లు కాకపోతే ఏంది సామీ, సారాయా?" అని అడిగింది. ఆయనకు నవ్వు రాలేదు. బతికుండే పిల్లోళ్లందరికీ బిషపు వచ్చేలోగా మళ్లీ జ్ఞానస్నానం ఇయ్యాలని చెప్పినాడు. ఎవరెవరికి టెంకాయ నీళ్లు పోసిందో అవ్వకు తప్ప ఎవరికీ తెలీదు.

"సచ్చిపోయినోళ్లకు?" అని అడిగింది అవ్వ.

ఆయన చెప్పుల వైపు చూసుకొని, "వాళ్లు దేవుని చేతిలో ఉండారమ్మా," అన్నాడు. మాట మెత్తగానే అన్నాడు గానీ, దేవుని పక్కన కూర్చున్నారని అనలేదు, ఉండారని మాత్రమే అన్నాడు. అవ్వ కనిపెట్టింది.

ఆ దినం బుట్ట తీసి దూలానికి తగిలిచ్చింది. "ఇంక ఎవరి కాన్పూ ముట్టను," అనింది. గోడ తట్టు తిరిగి పండుకుంది. మా అమ్మ సంగటి పెడితే ముట్టలేదు. మా అమ్మ కూడా ఆమెతో మాట్లాడలేదు. నా తమ్ముని సంగతి ఇద్దరి నడుమా ఉంది, ఇద్దరూ ఎత్తలేదు. నాకు మాత్రం కోపమంతా దిగిపోయింది. ఎన్ని ఇండ్లల్లో ఆమె బిడ్డ పోయిన తల్లులను ఆ ఒక్క మాటతో లేపి కూర్చోబెట్టిందో నాకు తెలుసు.

రెండో దినమే సిస్టరమ్మ మళ్లీ వచ్చింది. ఆయమ్మ అట్ల వరసగా ఎప్పుడూ రాలేదు. వచ్చి అవ్వ మంచం కాడ నిలబడి, "లే," అనింది.

"నేను రాను. నా మొగం ఎవరికీ చూపించలేను."

"నీ మొగం ఎవరికి కావాల? నీ జ్ఞాపకం కావాల. ఏ బిడ్డ ఏ ఇంట్లో పుట్టిందో నాకేం తెలుసు? లేచి నడువు."

"కాళ్లు నొప్పులు."

"నావీ నొప్పులే. లే."

సిస్టర్లు ఒంటరిగా ఊర్లు తిరగకూడదంట. తోడు వచ్చేదానికి ఆస్పత్రిలో ఇంకొక సిస్టరు ఖాళీ లేదు. పెద్ద సిస్టరు దగ్గర పోట్లాడి, అవ్వను, నన్ను తోడు చూపించి పర్మిషను తెచ్చుకుంది. ఆ ఎండాకాలం మేము ముగ్గురం కాలికి బలపం కట్టుకొని తిరిగినాం. అవ్వ ముందర ఉండేది, దావ చెప్పేదానికి. రాగులు కోసే కాలంలో పుట్టినోడు ఈ ఇంట్లో, వాన పడి గోడ కూలిన దినం పుట్టింది ఆ ఇంట్లో, అని ఒకటీ మర్చిపోలేదు. ప్రతి వాకిట్లోనూ సిస్టరమ్మ ముందు తన తప్పు చెప్పేది, తర్వాత సంగతి చెప్పేది. అవ్వను ఒక్క మాట అననిచ్చేది కాదు.

కొందరు ఏడ్చినారు, కొందరు నవ్వినారు. ఒకామె, "పోనీలే, నా కొడుకు టెంకాయ నీళ్లు తాగి బలిసినాడు, ఇప్పుడు నెత్తిన కూడా కుమ్మరిచ్చుకుంటాడు," అనింది. పెనుకొండ కొండ కింద ఒక ఇంట్లో మటుకు తలుపేసుకున్నారు. సిస్టరమ్మ తలుపు కొట్టలేదు, అరుచుకోలేదు. పక్కింటి ముసిలోనికి కట్టు కడుతూ అక్కడే కూర్చుంది. తలుపు వాళ్లే తీసినారు.

ధర్మవరం సంగతి వేరే. మా వాడ మనిషి ఒకాయన ఆడికి పోయి పట్టు మగ్గాల ఇంట్లో పనికి కుదిరినాడు. పెండ్లాం పోయింది, ఒక్కతే కూతురు. ప్యాసింజరు బండి పట్టుకొని పోయినాం. ఆయన అవ్వను చూస్తూనే మండిపడినాడు. "నా పెద్దోడు ఈమె చేతిలోనే సచ్చినాడు. మోక్షానికి పోయినాడని చెప్పింది. నా పెండ్లాం సచ్చేదాకా ఆ మాటే చెప్పుకుంది. ఇప్పుడొచ్చి కాదంటారా? పోండి. ఈ ముసిల్ది నా కూతురి నీడ కూడా తొక్కొద్దు."

అవ్వ వెనక్కి తిరిగింది. సిస్టరమ్మ తిరగలేదు. ఆ ఇంటి అరుగు మింద కూర్చుంది. ఎండ నెత్తి మిందకొచ్చింది. లోపల మగ్గం చప్పుడు నిలిచింది, మళ్లీ మొదలైంది. ఆయన బయటికొచ్చి, "ఇంకా పోలేదా?" అన్నాడు. "నీ కోపం న్యాయమైందే," అనింది సిస్టరమ్మ. "తిట్టాలంటే నన్ను తిట్టు. సాయంత్రం దాకా తిట్టు, వింటా. పాపను మాత్రం జ్ఞానస్నానానికి వచ్చే ఆదివారం వాడ గుడికి పంపించు." ఆయన తిట్టినాడు కూడా. ఆయమ్మ తల వంచుకొని అంతా వినింది. తిట్టి తిట్టి అలిసిపోయి, అరుగు మిందనే కూలబడి ఏడ్చినాడు. తర్వాత కూతుర్ని పిలిచి, ముగ్గురికీ నీళ్లు తెమ్మన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బండిలో అవ్వ అడిగింది. కిటికీ బయటికి చూస్తానే అడిగింది. "సిస్టరమ్మా, నా మనవడు యాడుండాడు?"

"నాకు తెలీదు అవ్వా."

"అన్నీ తెలుసు గదా నీకు?"

"పుస్తకంలో ఒక మాటుంది. అది నీకు చెప్పేదానికి నాకు నోరు రాదు. నేను దినామూ వాని కోసం దేవుణ్ణి అడుగుతాండా. ఇంకేం చెప్పమంటావు?" అనింది. గొంతు కటువుగానే ఉంది. కండ్లల్లో నీళ్లు కూడా ఉన్నాయి.

ఆ ఆదివారం మా గుడిలో జనం పట్టలేదు. అన్ని వాడల నుంచి పిల్లోళ్లు వచ్చినారు. ధర్మవరం పాప కూడా వచ్చింది, తండ్రి చెయ్యి పట్టుకొని. ఫాదరు జ్ఞానస్నానం నీళ్లు హిందూపురం నుంచి సీసాలో తెచ్చినాడు. సిస్టరమ్మ ఆయన చెవిలో ఏందో చెప్పింది. ఆయన సరేనన్నాడు. ఆయమ్మ మా ఇంట్లో బిందె తీసుకొని, "అవ్వా, చెలమ కాడికి రా," అనింది.

"ఆ నీళ్లా? వద్దు తల్లీ. సీసాలో ఉండేవి చాలు గదా."

"చాలవు. ఈ పిల్లోళ్లు చెలమ నీళ్లు తాగి పెరిగినారు. వీళ్ల ఒంట్లో ఉండేవి ఆ నీళ్లే. అవి చెడ్డవని నీకు చెప్పిందెవరు? దేవుడు చెప్పినాడా?"

అవ్వ వెనకాలే పోయింది. నేనూ పోయినా. సిస్టరమ్మ ఇసకలో మోకాళ్లూని, పైనీళ్లు తోడి పారబోసి, తేటనీళ్లు ఊరేదాకా కాచుకొని, గుడ్డ అడ్డం పెట్టి బిందె నింపింది. బిందె చంకన పెట్టుకొని వచ్చింది. మామూలుగా మేము సుట్టుదావన వస్తాం. ఆయమ్మ నేరుగా ఊరి బావి పక్కన నడిచింది. నీళ్లు చేదే ఆడోళ్లు చేంతాడు పట్టుకొని అట్లే నిలబడిపోయినారు. "ఏమ్మా, బాగుండారా?" అని పలకరిచ్చి, నిలబడకుండా వచ్చేసింది. అవ్వ నడుము అంత నిటారుగా ఉండేది నేను అంతకు ముందు చూడలేదు.

ఫాదరు ఆ బిందె నీళ్లనే మంత్రించినాడు. ముందు నాకే పోసినాడు. జ్ఞానస్నానమప్పుడు పక్కన నిలబడే జ్ఞానతల్లి నాకు అవ్వే, ఆమె చెయ్యి నా భుజం మింద ఉంది. నీళ్లు చల్లగా మెడ మిందికి కారినాయి, మన్ను వాసన వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకని అడగొద్దు. అందరికీ అయినాక ఫాదరు బస్సుకు పోయినాడు.

ఇంకా కూడు కూడా తినలేదు, వాడ చివరింటి నుంచి కేక వచ్చింది. ఆ ఇంటి చిన్నకోడలికి నెలలు నిండకుండానే నొప్పులు. అందరూ అవ్వ వైపు చూసినారు. అవ్వ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "నేను ముట్టను. ఒట్టు పెట్టుకున్నా. సిస్టరమ్మ ఉండాది గదా, పొమ్మనండి."

సిస్టరమ్మ దూలానికున్న బుట్ట దించింది. టెంకాయ తీసి మా అమ్మ చేతికిచ్చి, "చట్నీ చెయ్యి," అనింది. బుట్ట అవ్వ చంకన పెట్టి, మణికట్టు పట్టుకొని లాక్కుపోయింది. అవ్వ దావ పొడుగునా గొణుగుతానే ఉంది. గుడిసెలో ఆ పిల్ల అరుపు వినగానే గొణుగుడు నిలిచింది. చేతులు కడుక్కునింది, ముందుకు పోయి కూర్చుంది.

మొగబిడ్డ పుట్టినాడు. గుప్పెడంత ఉన్నాడు. సిస్టరమ్మ వీపు రుద్దింది, నోట్లో ఊదింది. పిల్లి కూన మాదిరి ఒక్క సన్నని మూలుగు వచ్చింది. ఆయమ్మ తల ఎత్తి నన్ను చూసింది. "గుడిలో బిందె. ఒక గ్లాసు. పరిగెత్తు."

నేను పరిగెత్తినా. నీళ్లు తెచ్చి సిస్టరమ్మకు చాపినా. ఆయమ్మ గ్లాసు అందుకొని, తను పొయ్యకుండా అవ్వ చేతిలో పెట్టింది.

"నువ్వే పొయ్యి."

"నా చెయ్యి వద్దు తల్లీ."

"నీ చెయ్యే కావాల."

అవ్వ గ్లాసు వంచింది. సగం నీళ్లు ఒళ్లో పడినాయి. మిగిలినవి బిడ్డ నెత్తిన పోసి ఆ మాటలు చెప్పింది. ఒక్క అక్షరం తప్పలేదు. గుడిసె బయట ఎవరో ఏడుస్తాండారు. బిడ్డ తల్లి చెయ్యి చాపి బిడ్డ కాలు పట్టుకుంది.

పొద్దు వాలేదాకా వాడు అవ్వ ఒళ్లోనే ఉన్నాడు. ఊపిరి అందుతా, అందకుండా పోతా ఉంది. ఇంక నిలిచిపోతుందనంగా అవ్వ వంగి వాని చెవిలో మాట్లాడింది. మెల్లగా అంటాండాననుకునింది గానీ గుడిసెలో అందరికీ వినిపిచ్చింది.

"పోతాండావా నాయనా? పో, భయం లేదు. ఆడ నా మనవడొకడుంటాడు. నీ అంతే ఉంటాడు. వాన్ని లోపలికి రానియ్యకుండా వాకిట్లో నిలబెట్టింటారు. నీ నెత్తిన నీళ్లు ఇంకా ఆరలేదు. రవ్వంత వాని నెత్తికి రుద్దు. రుద్ది, చెయ్యి పట్టుకొని లోపలికి పిలుచుకొని పో."

నేను సిస్టరమ్మ మొగం చూసినా. జ్ఞానోపదేశంలో ఒక్క మాట తప్పు చెబితే మళ్లీ మొదట్నుంచి చెప్పించే మనిషి. అవ్వ చెప్పింది ఏ పుస్తకంలోనూ లేదని నాకే తెలుసు, ఆయమ్మకు తెలీదా? దిద్దుతుందనుకున్నా. ఆయమ్మ దగ్గరికి జరిగి, అవ్వ పక్కన నేల మింద కూర్చొని, వంగి, బిడ్డ చెవి కాడికి తన మొగం తెచ్చింది.

"వాడొక్కడే కాదు బాబూ," అనింది. "ధర్మవరం పిల్లోడుంటాడు, ఇంకా శానామంది ఉంటారు. ఒక్కర్ని కూడా విడిచిపెట్టొద్దు."